టోపీ మీదికి పోయే చెయ్యి

ఆ గుర్రానికి సోడా అని పేరు పెట్టింది ఎల్డనే. మూత తియ్యనంతసేపూ ఎంత బుద్ధిగా ఉంటుందో, తీశాక అంతలా పొంగుతుందని. ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్లచుక్క, ఎవరో తన గురించి చాటుగా చెప్పుకుంటున్నారన్నట్టు ఎప్పుడూ నిక్కబొడుచుకుని ఉండే చెవులు. అలాంటి దాన్ని చూసి ముద్దుచేసేవాళ్ళు ఎందరుంటారు చెప్పండి? ఎల్డన్ చెల్లెలు మార్లిస్ ఒక్కతే ఉంది. పుట్టినప్పట్నుంచీ ఆ పిల్లది అదే వరస. నలుగురూ వద్దన్న జంతువే ఆమెకి కావాలి.

ఆ అన్నాచెల్లెళ్ళది కుద్రనా కుటుంబం, వాళ్ళ ఇల్లు అమెరికాలో నెబ్రాస్కా ఇసుక దిబ్బల మధ్యన ఉంది. గడ్డీ, ఆవులూ, గాలీ. గడ్డి ఒక ఏడు తగ్గొచ్చు, ఆవులూ తగ్గొచ్చు, గాలికి మాత్రం ఏనాడూ కరువు రాలేదు. ఆ గాలి సంగతి గుర్తు పెట్టుకోండి, ఈ కథలో సగం పాపం దానిదే.

ఎల్డన్‌ది దూడల పందెం. తలుపు తియ్యగానే దూడ పారిపోతుంది. వెనకాలే గుర్రం మీద తరిమి మెడలో తాడు ఉచ్చు వెయ్యాలి, గుర్రం ఠక్కున ఆగాలి, దిగి పరిగెత్తి దూడ కాళ్ళు కట్టెయ్యాలి. కట్టేదాకా గుర్రం తాడు బిగబట్టుకుని బొమ్మలా నిలబడాలి. సోడాకి పరుగు వచ్చింది, ఆగడం వచ్చింది, బొమ్మలా నిలబడటం మాత్రం చచ్చినా రాలేదు. అవతల దూడ గింజుకుంటుంటే ఇవతల ఇదీ గెంతులు వేసేది. రెండు శీతాకాలాలు దానితో వేగి వేగి, ఇక నా వల్ల కాదు, నువ్వే ఊరేగు అని ఎల్డన్ పగ్గం తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. అన్నయ్య మనసు మార్చుకునేలోగా మార్లిస్ దాన్ని తన దొడ్డిలోకి తోలుకుపోయింది.

ఆమెది పీపాల పందెం. మైదానంలో మూడు నూనె పీపాలు ముక్కోణంలా నిలబెడతారు. గుర్రం మీద దూసుకొచ్చి, ఒక్కోదాని చుట్టూ తిరిగి, ఇంటిదారి పట్టి గీత దాటాలి. ఎవరు త్వరగా వస్తే వాళ్ళది గెలుపు. పీపా పడిందంటే ఐదు సెకన్లు నెత్తిన పడతాయి, అంటే ఆ రోజుకి ఇంటికెళ్ళి పడుకోవచ్చు. వినడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం, సుడి తిరిగే నీళ్ళలో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంటుంది.

ఏడాదిన్నర పాటు మార్లిస్ ఆ గుర్రానికి పీపాల చుట్టూ నడవడం నేర్పింది. నడకలో నిక్షేపంగా వచ్చింది. చిన్న పరుగులో అంతకంటే బాగా వచ్చింది. పూర్తి వేగంతో వదిలితే మాత్రం మొదటి పీపా ఎక్కడుందో కనబడనట్టు దాటిపోయి, కంచెదాకా వెళ్ళి, అప్పుడు తీరిగ్గా తిరిగేది. రెండోదీ మూడోదీ బాగానే తిరిగేది, ఏం లాభం? ఆమె జీనులో బరువుగా కూర్చుని చూసింది, పగ్గం లాగి చూసింది, బుజ్జగించింది, తిట్టింది. సోడా వింటేనా.

సరిగ్గా అప్పుడే ఎల్డన్ ముసలి గుర్రం డ్యూక్‌కి కాలు పట్టేసింది. పశువుల డాక్టరు ఇక దాన్ని పందాలకి తిప్పొద్దన్నాడు. దూడల పందెం లేకపోతే ఎల్డన్‌కి ఎండాకాలం ఎండాకాలం కాదు. రాత్రి భోజనాల దగ్గర సోడా నాదేగా, తిరిగి ఇచ్చెయ్యి అన్నాడు. మార్లిస్ ఒంటికాలి మీద లేచింది. పారేసిన దాన్ని ఏ మొహంతో అడుగుతున్నావంది. పారెయ్యలేదు, అప్పిచ్చానన్నాడు. అలా అనుకుని అనుకుని, ఇద్దరూ ఫోర్కులు పక్కన పెట్టేదాకా వచ్చింది.

"సరే, ఆగస్టులో మనూరి ఫెయిరులో తేల్చుకుందాం. పీపాల పందెంలో మొదటి ముగ్గురిలో నువ్వుంటే సోడా నీది, మళ్ళీ జన్మలో అడగను. లేదా, సోమవారం పొద్దున్నకి అది నా దొడ్డిలో ఉండాలి" అన్నాడు ఎల్డన్.

"చెయ్యి కలుపు" అంది మార్లిస్.

కలిపారు. ఆ ఇంట్లో చెయ్యి కలిపితే అయిపోయినట్టే.

ఫెయిరు ఇంకా మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం మార్లిస్, సాధనకి ఎప్పుడూ కట్టుకునే తలగుడ్డ మాని ఫెయిరు టోపీ పెట్టుకుని, సోడాని మళ్ళీ పూర్తి వేగంతో వదిలింది. ఎల్డన్ కంచె మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటున్నాడు, తన సొత్తు ఎలా ఉందో చూసుకోవాలట. మొదటి పీపా దగ్గర ఎప్పటి భాగోతమే. మిగతా రెండూ తిరిగి ఇంటిదారి పట్టాక, దిబ్బల మీంచి ఒక్క ఊపు గాలి వచ్చి మార్లిస్ టోపీ అంచు లేపింది. ఆమె కుడిచెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది.

ఇక్కడ ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఫెయిరులో జరిగే ఈ గుర్రం పందాలన్నిటినీ కలిపి రోడియో అంటారు. ఆ రోడియో మైదానంలో ఎవరి టోపీ నేల మీద పడితే వాళ్ళు ఆదివారం పొద్దున పూల ఏప్రన్ కట్టుకుని చర్చి హాల్లో ఊరందరికీ పాన్‌కేకులు వడ్డించాలి. ఏ కారణంగా పడినా సరే, మినహాయింపు లేదు. ఆ ఏప్రన్లకి కుచ్చులు కూడా ఉంటాయి. మార్లిస్‌ది చిన్న తల, టోపీ నిలవదు. ఏటా ఆమె వడ్డిస్తూనే ఉంది, ఏటా పక్క ఊరి కుర్రాళ్ళు కావాలని మూడోసారి నాలుగోసారి ప్లేటు పట్టుకొస్తూనే ఉన్నారు. అందుకని ఆ చేతికి టోపీని పట్టుకోవడం నిద్రలో కూడా అలవాటైపోయింది.

ఆ చెయ్యి తల దాకా లేచిందో లేదో, సోడా వెనక కాళ్ళు రెండూ నేలలోకి దించి, తోక మీద కూర్చున్నంత పని చేసి, ఉన్నచోటనే ఆగిపోయింది. గుర్రం ఆగింది గానీ మార్లిస్ ఆగలేదు. మెడ మీంచి జారి, గాల్లో ఒక పల్టీ కొట్టి, ఇసుకలో వెల్లకిలా పడింది. టోపీ మాత్రం చేతిలోనే ఉంది.

ఎల్డన్ కంచె మీంచి పడిపోయేలా నవ్వాడు. నవ్వి నవ్వి, గింజ గొంతులో అడ్డం పడి దగ్గి, మళ్ళీ నవ్వాడు. బతికే ఉందని తెలిశాక దగ్గరికొచ్చి, సోడా మెడ నిమిరాడు, చెల్లెల్ని కాదు.

"మర్చిపోలేదు చూశావా, నా తల్లి" అన్నాడు గుర్రంతో. "ఏమే, దానికి ఏమర్థమైందో తెలుసా? తాడు దూడ మెడలో పడగానే నేను చెయ్యి ఇలా పైకెత్తి ఉచ్చు బిగిస్తాను. చెయ్యి లేచిందంటే ఆగు అని. అది నేర్పడానికి నాకు ఒక శీతాకాలం మొత్తం పట్టింది. ఇది దూడల గుర్రమేనే పిచ్చిదానా, పీపాల గుర్రం కాదు."

మార్లిస్ నోట్లో ఇసుక ఉంది, ఒక మోచెయ్యి చెక్కుకుపోయింది, నడుము ఎక్కడుందో తెలియట్లేదు. అయినా ఆకాశం కేసి చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. ఎల్డన్‌కి భయమేసింది, తలకేమైనా తగిలిందా అని వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. ఆమె నవ్వుతూనే ఉంది. ఏడాదిన్నరగా ఈ గుర్రానికి బ్రేకు లేదని ఏడుస్తోంది కదా. ఉంది. చక్కగా, గట్టిగా, అన్నయ్య చేతులతో బిగించిన బ్రేకు ఉంది. దాని మీట ఎక్కడో తెలియక ఇన్నాళ్ళూ వెతికింది.

మర్నాడు ఆమె మొదట తిరిగే పీపా మార్చేసింది. అంతకుముందు కుడివైపు పీపాతో మొదలుపెట్టేది, ఇప్పుడు ఎడమవైపు దానితో. మలుపు ఎటైతే పగ్గం ఆ చేతిలో పట్టుకుంటారు, కాబట్టి ఇప్పుడు మొదటి మలుపుకి పగ్గం ఎడమచేతిలో ఉంటుంది, ఎల్డన్ ఎత్తే కుడిచెయ్యి ఖాళీ. దూసుకొచ్చి, పీపాకి కాస్త ముందు కుడిచెయ్యి చెవి దాకా ఎత్తి, వెంటనే దించి జీను ముందు పొడుచుకొచ్చే కొమ్ము పట్టుకోవాలి. మొదటిసారి చెయ్యి మరీ పైకెత్తింది, సోడా పూర్తిగా ఆగిపోయింది, జీను కొమ్ము ఆమె కడుపులో దిగింది. రెండోసారి ఆలస్యమైంది. ఎన్నిసార్లు పాడు చేసిందో ఆ దేవుడికే తెలియాలి. ఒక సాయంత్రం మాత్రం చెయ్యి ఇంత లేచి అంతలో దిగింది, సోడా వెనకభాగం కిందికి దించింది, ఆగలేదు, ఆ ఒంగిన ఒంగుడులోనే పీపా చుట్టూ రివ్వున తిరిగి బయటపడింది. మార్లిస్ ఒళ్ళంతా జల్లుమంది. గుర్రం దిగి, దాని మూతి రెండు చేతులా పట్టుకుని ముద్దులు పెట్టింది. దానికి ఆ వ్యవహారం నచ్చలేదు, టోపీ కొరికింది.

ఆ వార్త ఊరికి తెలియకుండా ఉంటుందా. పీపా ముందు మార్లిస్ చెయ్యెత్తుతోందని, ఎవరికి టాటా చెబుతోందో అని పెట్రోలు బంకు దగ్గర ఒకటే నవ్వులు. ఇర్మా పిన్ని కూడా అడిగింది. ఇర్మా అంటే వాళ్ళమ్మ చెల్లెలు, రోడియోలో టోపీల కాపలా ఆవిడదే, ఏప్రన్లు కుట్టిందీ ఆవిడే. మార్లిస్ సంగతంతా చెప్పేసింది. పిన్ని చేతిలోని ఆప్రికాట్ పండు కూరిన కొలాచీ రొట్టె పక్కన పెట్టి ఆలోచనలో పడింది. మొదటి పీపా దగ్గర ఎత్తితే సరే, ఇంటిదారిలో టోపీ లేచి చెయ్యి పొరపాటున పోయిందా, కొంప మునుగుతుంది కదే అంది. గడ్డం కింద తాడున్న టోపీ పెట్టుకోమంది.

పాలపళ్ళ పిల్లలు కడతారు గడ్డం కింద తాడు. తాడున్న టోపీతో గెలిచినా గెలిచినట్టు కాదని మార్లిస్ పట్టుబట్టింది. తప్పే, ఒప్పుకోవాలి. ముక్కు మీద కోపం, నెత్తి మీద పొగరు, ఆ రెండూ వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చినవి. పిన్ని ఇక వాదించకుండా టోపీని జుట్టుకి గుచ్చుకోమని గుప్పెడు పిన్నులు ఇచ్చింది.

ఫెయిరు రోజు రానే వచ్చింది. దుమ్మూ, వేయించిన మాంసం వాసనా, మైకులో జోకులూ. ఎల్డన్ ఎవరి గుర్రమో అడిగి తెచ్చుకుని దూడల పందెంలో దిగాడు. ఆ గుర్రం ఎటు పోవాలో అతను చెప్పేలోపే అది ఇంకోవైపు పోయింది, తాడు గాల్లో పడింది. దుమ్ము దులుపుకుంటూ వచ్చి తాడు చుట్ట చుట్టుకున్నాడు. అతని మొహం చూసి మార్లిస్‌కి అర్థమైంది. అన్నయ్యకి నిజంగానే సోడా కావాలి. పంతం కోసం కాదు, నిజంగానే.

సాయంత్రానికి గాలి లేచింది. జెండాలు పటపటా కొట్టుకున్నాయి. పీపాల పందెంలో ఒక్కొక్కరే వెళ్ళి వస్తున్నారు. ఇద్దరు పీపాలు పడేశారు. ముందున్న ముగ్గురిలో మూడో అమ్మాయిది పదిహేడున్నర సెకన్లని మైకు చెప్పింది. మార్లిస్ ఆఖరు. మైదానంలోకి పోయే ఇరుకు దారి దగ్గర సోడా మూత తీసిన సీసా అయిపోయింది. పక్కకి నడుస్తుంది, వెనక్కి నడుస్తుంది, ముందుకి తప్ప అన్ని వైపులకీ నడుస్తుంది. చెమటకి మెడ నల్లబడింది. మార్లిస్ కంగారు పగ్గం గుండా గుర్రానికి పోతోంది, దానిది తిరిగి ఆమెకి వస్తోంది.

ఎవరో వచ్చి సోడా కళ్లెం పట్టుకున్నారు. ఎల్డన్. ఏదో గొణుగుతూ, బుగ్గ మీద తడుతూ, మెల్లిగా ఆ దారిలోకి నడిపించాడు. దానికి ఆ గొంతు తెలుసు, తల దించింది. గేటు దగ్గరికొచ్చాక అతను తలెత్తి చెల్లెలి మొహంలోకి చూశాడు.

"ఆ చెయ్యెత్తడం నాది" అన్నాడు.

"తెలుసు" అంది మార్లిస్.

"నా పాఠంతో నన్నే ముంచుతున్నావు."

ఎల్డన్ చెయ్యి పైకి చాచి, ఆమె టోపీ మీద అరచెయ్యి పెట్టి, చెవులు కప్పేలా నొక్కాడు.

"ఇంటిదారిలో నెత్తి మీద నిప్పులు పడ్డా సరే, చెయ్యెత్తకు. విన్నావా? టోపీ పోతే పోనీ" అన్నాడు, కళ్లెం వదిలేశాడు.

సోడా పేలింది. దాన్ని పరుగు అనడానికి లేదు. గేటు ఎప్పుడు దాటిందో, గీత ఎప్పుడు దాటిందో మార్లిస్‌కి తెలియదు, చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం లేదు. ఎడమ పీపా పెద్దదవుతోంది. పీపాని చూడకూడదు, దాని పక్క నేలని చూడాలి. చూసింది. చెయ్యి చెవి దాకా లేచింది, దిగింది. సోడా వెనక్కి కూర్చుని, ఒళ్ళంతా విల్లులా వంచి, పీపా చుట్టూ ఒరుసుకుంటూ తిరిగింది. జనంలో ఎవరో కేకేశారు. రెండో పీపాకి అడ్డంగా పరుగు, పగ్గం కుడిచేతికి మారింది, మలుపు, ఇసుక చిమ్మి మొహాన పడింది. మూడోది. మోకాలు పీపాకి ఠంగున తగిలింది. అది ఊగిందని తెలుసు, ఒరిగిందని తెలుసు. పీపా ఒరిగితే చెయ్యి చాచి పట్టుకునే హక్కు వాళ్ళకుంది, అందరూ చేసేదే. మార్లిస్ పట్టుకోలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. పడితే పడుతుంది, చూస్తే మాత్రం నిలబడుతుందా?

ఇంటిదారి. సోడా చెవులు వెనక్కి అంటుకుపోయాయి. అది ఇంత వేగంగా ఎన్నడూ పరిగెత్తలేదు, మార్లిస్ నోరు తెరిచి అరుస్తోంది, ఏమని అరుస్తోందో తనకే తెలియదు. అప్పుడు వచ్చింది గాలి, ఎదురుగా. పిన్నులు ఒక్కొక్కటే జుట్టు పీక్కుంటూ ఊడిపోతున్నాయి. టోపీ నుదుటి మీంచి లేచింది. చెయ్యి పైకి పోయింది.

భుజం దాకా పోయింది. సోడా వీపు ఆమె కింద ఒక్కసారి బిగుసుకుంది, ఆగమంటున్నావా అని అడిగినట్టు. మార్లిస్ ఆ చేతిని కిందికి కొట్టి, జూలు పిడికిట బిగించి పట్టుకుంది. చెయ్యి తనది కాదు, తనకి శత్రువు. పళ్ళు బిగబట్టింది. టోపీ పోయింది. జుట్టు విడిపోయి మొహం నిండా పడింది, కళ్ళు కనబడలేదు. సోడా వీపు వదులైంది, మెడ చాచింది, గీత దాటేసింది.

దాటాక మార్లిస్ చెయ్యి ఎత్తింది, ఎంత పైకి కావాలంటే అంత పైకి. సోడా ఠక్కున కూర్చుంది. ఈసారి మెడ గట్టిగా కావలించుకుంది కాబట్టి ఇసుకలో పడలేదు.

వెనక్కి తిరిగింది. మూడో పీపా నిలబడే ఉంది, ఇంకా కొంచెం ఊగుతోంది. మైకులో మనిషి గొంతు సవరించుకున్నాడు, అది సవరించుకునేలోపు ఆమెకి ఒక ఏడాది వయసు పెరిగింది. పదిహేడూ పావు అన్నాడు. రెండో స్థానం.

అప్పుడు ఇరుకు దారి దగ్గర్నుంచి ఒక పొలికేక వినబడింది, దాని వెనకాలే ఒక నల్లటి టోపీ గాల్లోకి లేచింది. బాగా పైకి లేచింది. గాలికి తిరుగుతూ వచ్చి, మైదానం నడిమధ్యలో, మార్లిస్ టోపీకి కాస్త దూరంలో, ఇసుకలో బోర్లా పడింది. గేటు దగ్గర ఎల్డన్ టోపీ లేని తలతో, రెండు చేతులూ పైకెత్తి, చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు. గుర్రాన్ని పోగొట్టుకున్న మనిషి. ఆ సంగతి అతనికి అప్పటికి తట్టినట్టు లేదు. మార్లిస్‌కి తట్టింది. ఆమె సోడా మెడలో మొహం దాచుకుని, దుమ్మూ చెమటా అన్నీ కలిపి భోరున ఏడ్చేసింది. ఇంత సంతోషం ఒక్కసారిగా వస్తే ఎక్కడ పెట్టుకోవాలి మరి.

అంతకుముందు ఎల్డన్ టోపీ ఏనాడూ నేల మీద పడలేదు. దాని గురించి అతను పదేళ్ళ బట్టీ గొప్పలు చెప్పుకుంటున్నాడు. ఇర్మా పిన్ని కంచె దాటి, తాపీగా నడిచొచ్చి, రెండు టోపీలూ ఏరుకుంది. మైదానంలో ఉన్నది ఆమె ఒక్కతే కదా, నేను బయట ఉన్నాను కదా అని ఎల్డన్ వాదించబోయాడు.

"టోపీ లోపల పడిందా లేదా?" అంది పిన్ని. ఇంకేం మాట్లాడనివ్వలేదు.

ఆదివారం పొద్దున చర్చి హాలు కిటకిటలాడింది. గులాబీ పూల ఏప్రన్‌లో ఎల్డన్‌ని చూడటానికి మామూలుగా పాన్‌కేకులు తినని వాళ్ళు కూడా వచ్చారు. ఏప్రన్ వెనక ముడి పడలేదు, పిన్ని తాడు ముక్క కలిపి కట్టింది. దూడల తాడుతోనే కట్టావా పిన్నీ అని ఎవరో అంటే హాలంతా గొల్లుమంది. అతను మొహం చిట్లించుకుని పళ్ళెం మీద పళ్ళెం మోస్తూనే ఉన్నాడు.

మార్లిస్ పక్కనే సిరప్ పోస్తోంది. కాస్త సందు దొరికినప్పుడు, నీకిప్పుడు పందెం గుర్రం లేకపోయింది కదా అని మెల్లిగా అంది. వచ్చే ఏడు కొత్త గుర్రం తెచ్చుకో, పీపాల దగ్గర పరుగు నేర్పి ఇస్తాను, నిలబడటం నువ్వే నేర్పుకో అంది. ఎల్డన్ ఊఁ అన్నాడు.

"సోడా నిన్న నా గొంతు గుర్తుపట్టింది" అన్నాడు.

"నిన్నే కాదు, రోజూ గుర్తుపడుతుంది. నువ్వు దొడ్డి దాటుతుంటే చెవులు నీ వెనకాలే తిరుగుతాయి."

అతను చేతిలో పళ్ళేల దొంతర సర్దుకున్నాడు. కళ్ళు ఇంకోవైపు తిప్పుకున్నాడు. అప్పుడప్పుడు ఎక్కుతానంటే ఇస్తావా అని గోడతో అడిగినట్టు అడిగాడు. ఆమె సరేనంది, దూడల దగ్గరికి తీసుకెళ్ళకపోతే.

తలుపు దగ్గర ఎవరో స్నేహితురాలు కనబడింది. పలకరిద్దామని మార్లిస్ కుడిచెయ్యి ఎత్తింది. వెనకాలే దొంతర మోసుకుంటూ జోరుగా వస్తున్న ఎల్డన్ మడమలు నేలకి తన్ని, ఎక్కడున్నవాడు అక్కడే, ఠక్కున ఆగిపోయాడు.